వెనక గదిలో కుంపటి

పైడమ్మకు గాలంటే భయం. గోదావరి మీద పడవ నడుపుకుని బతికే ఇంట్లో ఆ మాట పైకి అనదగ్గది కాదు గనక ఆమె ఎన్నడూ అనలేదు. కాని కార్తీకమాసంలో తూర్పుగాలి కాస్త గట్టిగా వీచిందంటే ఆమె చేతులు వాటంతట అవే తలుపు గడియ కోసం తడుముకునేవి. కోరంగి ఉప్పెనలో ఆమె భర్త, అప్పుడప్పుడే పరుగులు నేర్చిన కూతురు కొట్టుకుపోయారు. పాలు తాగే మంగరాజును కొంగుతో గుండెకు కట్టుకుని, తేలుతున్న ఇంటి దూలాన్ని పట్టుకుని ఆమె ఒక్కతే ఒడ్డు చేరింది. ఆ పూట గాలికి వాకిలి తలుపు ఊడిపోయింది. అది ఊడకపోతే నీళ్ళు లోపలికి వచ్చేవి కావని ఆమె మనసులో ఎక్కడో ఉండిపోయింది. ఇంటినే ఎత్తుకుపోయిన నీళ్ళకు తలుపొక లెక్కా అని ఆమెకూ తెలుసు. తెలిసినా లాభం లేకపోయింది.

ఆ మంగరాజు పెరిగి, సొంత పడవకు చుక్కాని పట్టి, వాడపల్లి పిల్ల సూర్యావతిని చేసుకున్నాడు. సూర్యావతి పుట్టింట్లో కొడుకును కన్నది. ఉప్పెనలో పోయిన తాత పేరే వాడికి పెట్టి తాతాజీ అని పిలుచుకున్నారు. మూడో నెల రాగానే తల్లినీ పిల్లాణ్ణీ తమ ఊరు బలుసుతిప్పకు తీసుకుపోవడానికి మంగరాజు, పైడమ్మ పడవ వేసుకుని వచ్చారు. పడవ మీద సాయానికి ఎర్రయ్య ఉన్నాడు. మంగరాజుకు వరసకు మేనమామ అవుతాడు. మాట తక్కువ, చెయ్యి గట్టి.

పడవ వెనక భాగంలో చెక్కలతో కట్టిన చిన్న గది ఉంది. ఇద్దరు పడుకుంటే మూడో మనిషి కాళ్ళు ముడుచుకు కూర్చోవాలి. బాలింత ప్రయాణమని మంగరాజు ఆ గదిని ఆ యేడే బాగుచేశాడు. చెక్కకూ చెక్కకూ మధ్య కొబ్బరిపీచు కూరి, దాని మీద నూనెలో మరిగించిన గుగ్గిలం పూశాడు. వంగి దూరాల్సిన తలుపు ఒకటి, నది వైపు జానెడు కిటికీ ఒకటి.

"వానచుక్క కాదండి, ఇందులోకి గాలి కూడా దూరదు," అని వాడపల్లి రేవులో మామగారికి చూపించి మురిసిపోయాడు.

గదిలో ఒక మూల, ఇసక పోసిన చెక్కతొట్టిలో మట్టికుంపటి పెట్టారు. దాని పనంతా పైడమ్మదే. పొద్దున్నే అడుగునున్న నోట్లోంచి బూడిద లాగేది. చిల్లుల్లో ఇరుక్కున్న పెచ్చుల్ని పుల్లతో పొడిచి దులిపేది. చింతబొగ్గుల్ని బయట పడవ మీదే రాజేసి, పొగంతా పోయి ఎర్రబడ్డాకే కుంపటిని లోపలికి తెచ్చేది. పొగ పసివాడి కళ్ళకు మంచిది కాదని ఆమె పట్టింపు. ప్రయాణంలో తలుపు ఎలాగూ తెరిచే ఉండేది. కుంపటి పక్కన పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని, తలుపులోంచి కనిపించే నీళ్ళనూ కొబ్బరితోటలనూ చూస్తూ సూర్యావతి సుఖంగానే వచ్చింది.

కోటిపల్లి దాటాక ఒక పొద్దున గాలి దిక్కు మారింది. తూర్పున ఆకాశం బూడిదరంగుకు దిగింది. నది మీద అలలు ప్రవాహానికి ఎదురు తిరగడం మొదలుపెట్టాయి. కొంగలు గుంపులుగా లోపలి పొలాల వైపు ఎగిరిపోతున్నాయి. ఎర్రయ్య గడ నిలబెట్టి కాసేపు చూశాడు.

"ఇది ఉత్త వానగాలి కాదు బాబూ. ముందుకెళ్ళొద్దు."

"ఆయ్, నేనూ అదే అనుకుంటున్నాను మావా," అన్నాడు మంగరాజు. తల్లి మొహం వైపు మాత్రం చూడలేదు.

పడవను కోనసీమ ఒడ్డున ఒక పాయలోకి తిప్పారు. పాయ రెండు పక్కలా మడచెట్లు దట్టంగా ఉన్నాయి. గాలి అక్కడ కొంచెం నెమ్మది. అప్పటికే అక్కడ ఒక పడవ కట్టి ఉంది. అది బలుసుతిప్ప పెద్దిరాజుది. అతను, భార్య గంగాదేవి కొబ్బరికాయలు దింపేసి ఖాళీ పడవతో ఇంటికి పోతూ వాళ్ళలాగే ఆగిపోయారు. పిల్లలు లేని దంపతులు, ఎక్కడికైనా కలిసే తిరిగేవారు. తెలిసిన మొహాలు కనపడగానే పైడమ్మకు కాస్త ఊపిరి వచ్చింది. రెండు పడవల్నీ పక్కపక్కనే, మధ్య ఒక బల్ల దూరంలో, మడచెట్ల మొదళ్ళకు మోకులతో కట్టారు.

వాన అందుకోకముందే గంగాదేవి పడవల మధ్య వేసిన బల్ల మీదుగా దాటి వచ్చింది.

"వదినా, పడవలోకి అలలు కొట్టి మా బొగ్గులన్నీ తడిసిపోయేయి. ఆయనకి పొద్దుటినుంచీ ఒకటే వణుకు. కాసిని ఉంటే పెడతావా?"

"పట్టుకెళ్ళు వదినా, దానికేముంది," అంటూ పైడమ్మ బుట్ట నిండా బొగ్గులు పోసి ఇచ్చింది. "తలుపేసుకుని కూర్చోండి. సందుల్లో గుడ్డలు కూరెయ్యి. గాలి లోపలికి రాకూడదు."

"ఆయ్," అని గంగాదేవి బుట్టను కొంగుతో కప్పుకుని వెళ్ళిపోయింది.

తర్వాత వాన వచ్చింది. దాని వెనకే గాలి వచ్చింది. మడకొమ్మలు ఒక్కసారిగా పడవ మీదికి వంగి గది కప్పును రాచాయి. పాయలో నీళ్ళు పొంగడం మొదలైంది. నీళ్ళు పొంగేకొద్దీ మోకులు సడలించాలి, పడవ ఒరిగినప్పుడల్లా బిగించాలి, ముందు భాగంలో నిండే నీళ్ళు తోడిపొయ్యాలి. మంగరాజుకూ ఎర్రయ్యకూ ఇక గదిలోకి తొంగిచూసే తీరిక లేదు.

"అమ్మా, తలుపేసుకోండి. నేను పిలిచేదాకా తియ్యొద్దు," అని మంగరాజు బయటినుంచి అరిచాడు.

పైడమ్మ తలుపు వేసి అడ్డకర్ర పెట్టింది. అంతటితో ఆగలేదు. పాత చీర చింపి తలుపు చుట్టూ సందుల్లో కూరింది. కిటికీ రెక్క మూసి, చెక్కముక్కతో బిగించి, దాని చుట్టూ కూడా గుడ్డ పెట్టింది. గుమ్మం అడుగున బొంత మడిచి అడ్డం వేసింది. గదిలో చిన్న దీపం వెలుగు తప్ప ఏమీ మిగల్లేదు. గాలి మోత దూరంగా జరిగినట్టయింది.

"ఇప్పుడు నయం," అంది.

బయట రాజేసే వీలు లేదు కాబట్టి కుంపటిని లోపలే వెలిగించింది. బొగ్గులకు చెమ్మ పట్టి ముందు పొగ వచ్చింది. సూర్యావతి దగ్గింది, తాతాజీ ఏడ్చాడు. పైడమ్మ బూడిద మళ్ళీ లాగి, చిల్లులన్నీ పొడిచి, తాటాకు విసనకర్రతో విసిరింది. తడి బొగ్గుల్ని ఏరి పక్కన పెట్టింది. కాసేపటికి పొగ తగ్గింది. బొగ్గులు ఎర్రబడ్డాయి. వాటి మీద నీలిరంగు మంటలు, మల్లెమొగ్గలంత చిన్నవి, లేస్తూ ఆరుతూ కనిపించాయి. గది వెచ్చబడింది. పిల్లాడు ఏడుపు మానాడు.

పడవ ఒక పక్కకు ఒరిగింది. పైడమ్మ తలుపుకు వీపు ఆనించి కూర్చుని కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులు కదులుతున్నాయి. సూర్యావతి పిల్లాణ్ణి గుండెకు అదుముకుంది. మోకు తెగితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పడవ నదిలోకి కొట్టుకుపోతుంది, నదిలోంచి మొగకు, మొగలోంచి సముద్రంలోకి. మోకు కిర్రుమన్నప్పుడల్లా ఆమె అటే చెవి పెట్టేది.

కొంతసేపటికి ఆమెకు తలనొప్పి మొదలైంది. ముందు కణతల దగ్గర, తర్వాత తలంతా. ఎవరో గుడ్డ చుట్టి బిగించినట్టుంది.

"అత్తమ్మా, తల పగిలిపోతోందండి."

"నాకూ అలాగే ఉంది. పొగ తగిలిందిగా. పోతుంది," అంది పైడమ్మ.

పొగ లేదు. సూర్యావతి కుంపటి వైపు చూసింది. బొగ్గులు శుభ్రంగా మండుతున్నాయి. వాసన కూడా లేదు. అయినా తల ఇంకా బరువెక్కింది, వికారంతో నోట్లో నీళ్ళూరాయి. పైడమ్మ లేచి కుంపటిని మళ్ళీ చూసింది. బూడిద నిండిందేమోనని అడుగు నోరు చూసింది, పిడికెడే ఉంది. చెడ్డ బొగ్గేదైనా పడిందేమోనని పుల్లతో కలిపింది. కలిపేసరికి నీలిమంటలు ఇంకా పైకి లేచాయి.

"దీంట్లో తప్పేం లేదు. పడవ ఊగుతోంది కదా, అందుకే తిప్పుతోంది," అంటూ కూర్చుంటూ ఆమె తూలి గోడ పట్టుకుంది.

నీళ్ళ మీద పుట్టిన మనిషి పడవ ఊపుకు తూలడం సూర్యావతి ఎప్పుడూ చూడలేదు. ఆ మాట అనబోయింది. ఈలోగా కడుపులోంచి వాంతి తన్నుకొచ్చింది.

"కిటికీ తియ్యండత్తమ్మా, కక్కొస్తోంది."

పైడమ్మ భయంగా చెక్కముక్క లాగింది. సూర్యావతి తల బయటపెట్టి కక్కింది. వాన మొహం మీద రాళ్ళలా కొట్టింది. కింద నల్లటి నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. కాని అలా తల బయట పెట్టుకున్న కాస్సేపట్లోనే తలమీది బరువు దిగింది. కళ్ళు తేటపడ్డాయి. అత్తగారు భుజం పట్టి లోపలికి లాగి, కిటికీ మూసి, గుడ్డలు కూరేసింది.

"బాలింత ఒళ్ళు. ఆ చల్లగాలి తగిలితే సన్నిపాతం చేస్తుంది."

కక్కేసింది కాబట్టి నయమైందనుకుంది సూర్యావతి. గోడకు ఆనుకుంది. కొద్దిసేపట్లో తలనొప్పి మళ్ళీ వచ్చింది. ఈసారి కాళ్ళు కూడా బరువెక్కాయి. పిల్లాడి వైపు చూసింది. వాడు కదలకుండా పడుకున్నాడు.

"ఎంత బాగా నిద్రపోతున్నాడో," అంది పైడమ్మ. ఆమె మాట ముద్దగా ఉంది. "బుగ్గలు చూడవే, ఎర్రగా ఎలా ఉన్నాయో. వెచ్చగా ఉందిగా వాడికి."

నిజమే, బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. పెదవులు కూడా. పాలవేళ దాటిపోయింది. ఆకలికి ఆగే పిల్లాడు కాదు వాడు. ఇందాక పొగకే గుక్కపట్టినవాడు, పడవ ఇంతలా ఊగుతుంటే, తల మీద కొమ్మలు విరుగుతుంటే నిద్రపోతున్నాడు. సూర్యావతి రొమ్ము వాడి నోటికి అందించింది. వాడు పట్టలేదు. చెంప తట్టింది. అరికాలు గిల్లింది. కాలు వెనక్కి తీసుకోలేదు.

అప్పుడు ఆమెకు పుట్టిన భయం గాలి భయం కాదు, నీళ్ళ భయం కాదు. దానికి మొహం లేదు. గదిలో ఏదో ఉంది. కనపడదు, వాసన రాదు, పొగలా కళ్ళు మండించదు. అది ముగ్గురినీ పట్టుకుని మెల్లగా నొక్కుతోంది. దెయ్యమా అనుకుంది ఒక్క క్షణం. మడచెట్ల పాయల్లో ఉంటాయని చిన్నప్పుడు విన్నది. దెయ్యమైతే కిటికీలోంచి తల పెడితే వదిలేసి, మూస్తే మళ్ళీ పడుతుందా?

ఆ ఆలోచన దగ్గర ఆమె ఆగింది. ఆలోచన జారిపోతోంది, తడి చేపలా. గట్టిగా పట్టుకుంది. బయట తల పెడితే పోయింది. మూస్తే వచ్చింది. లోపల ఉన్నది, బయట లేనిది ఏమిటి?

కుంపటి.

పక్కనున్న తలుపు సందులోంచి గుడ్డ ఒకటి వేలితో లాగి, ముక్కు అక్కడ పెట్టి పీల్చింది. సన్నటి చల్లగాలి వచ్చింది. తల కొంచెం తేలికైంది. అనుమానం లేదు.

"అత్తమ్మా, తలుపు తియ్యండి. కుంపటి బయట పెట్టెయ్యాలి. దాని గాలేనండి మనల్ని పట్టింది."

పైడమ్మ కళ్ళు తెరిచింది. ఆ చూపు కోడలి మీద నిలవలేదు.

"తలుపా? తియ్యకూడదు. నీళ్ళు వచ్చేస్తున్నాయి. చూడు, అడుగునుంచి వస్తున్నాయి," అంది. గుమ్మం దగ్గర పొడిగా ఉన్న బొంతను రెండు చేతులతో అదుముతోంది. "చిట్టిని ఇలా ఇవ్వు. నేను పట్టుకుంటాను."

చిట్టి ఉప్పెనలో పోయిన ఆమె కూతురు. సూర్యావతి గోడ పట్టుకుంది. లేవబోయింది. మోకాళ్ళు నిలవలేదు. అంతలో పైడమ్మ తల పక్కకు వాలింది. ఆమె తలుపుకు అడ్డంగా, బస్తా జారినట్టు జారి పడిపోయింది. తలుపు లోపలికి తెరుచుకునేది. ఇప్పుడు దాన్ని తియ్యడం సూర్యావతి వల్ల కాదు.

"ఏవండీ," అని పిలిచింది. గొంతు ఆ గదిలోనే ఆగిపోయింది. బయట గాలి రొద. మంగరాజు ముందు భాగంలో నీళ్ళు తోడుతున్నాడు. పిలిచినా వినపడదు.

ఆమె పిల్లాణ్ణి ఒక చేత్తో పట్టుకుని, మోకాళ్ళ మీద కిటికీ దాకా పాకింది. బారెడు దూరం. మధ్యలో ఒకసారి నుదురు నేలకు ఆనించి ఆగిపోయింది. అలాగే పడుకుంటే బాగుండుననిపించింది. అది చాలా తియ్యగా అనిపించింది, అందుకే ఆమె అదిరిపడింది. చేతికి మరచెంబు తగిలింది. దాన్ని ఎత్తి కిటికీ రెక్క మీద కొట్టింది. చెక్కముక్క కదల్లేదు. మళ్ళీ కొట్టింది. ఎన్నిసార్లు కొట్టిందో ఆమెకు తర్వాత గుర్తులేదు. చివరికి రెక్క పగిలి, గాలి దాన్ని ఊడబెరుక్కుపోయింది. వాన లోపలికి దూకింది. దీపం ఆరిపోయింది.

సూర్యావతి పిల్లాడి మొహాన్ని ఆ జానెడు రంధ్రంలో పెట్టింది. వాన వాడి కళ్ళ మీద, నోటి మీద కొట్టింది. వాడు అలాగే ఉన్నాడు.

"నాన్నా, ఏడువు. ఏడువు నాన్నా."

వాడి వీపు రుద్దింది. తన ఊపిరి వాడి మొహం మీద ఊదింది. తను కూడా ఆ రంధ్రం పక్కనే మొహం పెట్టి ఆత్రంగా గాలి పీల్చింది. కిందనుంచి కెరటం లేచి ఇద్దరినీ తడిపింది. ఇంతసేపూ ఆ నీళ్ళకే కదా భయపడ్డాం అనుకుంది. పిల్లాడి మెడ ఆమె అరచేతిలో వడిలిన తమలపాకు కాడలా ఉంది.

అప్పుడు వాడి పొట్ట ఒకసారి ఎగిరింది. ముక్కులోకి నీళ్ళు పోయి తుమ్మినట్టు చేశాడు. తర్వాత సన్నగా, పిల్లి కూనలా కూశాడు. ఆ కూత పెరిగి పెరిగి ఏడుపయింది. సూర్యావతి కూడా ఏడ్చింది, కాని వాడి ఏడుపు తనకు వినపడాలని తన నోరు నొక్కుకుంది.

కుంపటి ఇంకా మండుతోంది. కిటికీలోంచి వచ్చే గాలికి ఇంకా ఎర్రబడుతోంది. ఆమె మంచినీళ్ళ కుండను కాలితో తోసి కుంపటి మీదికి ఒంపింది. బుస్సుమని ఆవిరి లేచి, మట్టి కుంపటి రెండు ముక్కలయింది. ఒక నిప్పు ముక్క ఎగిరి ఆమె పాదం మీద పడింది. దులుపుకుంది. కాలినట్టు చాలాసేపటిదాకా తెలియలేదు.

పిల్లాడి ఏడుపు కిటికీలోంచి బయటికి పోయింది. చుక్కాని దగ్గర మోకు బిగిస్తున్న ఎర్రయ్యకు వినపడింది. అతను వంగి చూస్తే కిటికీ లేదు, రంధ్రంలో పసివాడి తల ఉంది. అతను మంగరాజును కేకేశాడు. ఇద్దరూ తలుపును భుజాలతో తోశారు. అడ్డకర్ర విరిగింది, పైడమ్మ శరీరం లోపలికి జరిగింది.

"అమ్మా," అన్నాడు మంగరాజు.

ఆమెను బయటికి లాగి, గది గోడ చాటున వానలో పడుకోబెట్టారు. సూర్యావతి పిల్లాడితో పాక్కుంటూ బయటికి వచ్చింది. మంగరాజు తల్లి మొహం మీద నీళ్ళు కొట్టి, అరచేతులు రుద్దాడు. చాలాసేపటికి పైడమ్మ గొంతులో గురక లాంటిది వచ్చింది. కళ్ళు తెరిచింది. తెరవగానే పైన ఊగిపోతున్న మడకొమ్మలూ, పడవ అంచును దాటుతున్న నీళ్ళూ కనపడ్డాయి. ఆమె అరవలేదు. గదిలోకి పోవడానికి మోచేతుల మీద పాకడం మొదలుపెట్టింది.

సూర్యావతి ఆమె నడుము పట్టుకుంది.

"లోపలికొద్దత్తమ్మా."

"గాలే. గాలొస్తోందే."

"గాలి రానివ్వండి. ఈ గాలి వల్లే బతికేమండి."

"ఏం జరిగిందే?" అన్నాడు మంగరాజు.

"కుంపటండి. అన్నీ మూసేసి కుంపటి పెట్టుకున్నాం."

"లోపల పొగేం లేదు కదా."

"పొగ లేదండి. పొగుంటే తెలిసేది."

మంగరాజు తలుపులోంచి లోపలికి చూశాడు. తను కూరిన పీచు, తను పూసిన గుగ్గిలం, ఒక్క సందు లేని గోడలు. సూర్యావతి అతని వెనక, పక్క పడవ వైపు చూస్తోంది. పెద్దిరాజు పడవ గది తలుపు మూసి ఉంది. కిటికీ మూసి ఉంది. ఆ పడవ మోకు ఒకటి తెగిపోయి, ముందు భాగం మడచెట్టుకు కొట్టుకుంటోంది. ఇంత దెబ్బ తగులుతుంటే లోపలి మనిషి బయటికి రాకుండా ఉంటాడా?

"ఏవండీ, గంగాదేవి పిన్నిగారు పొద్దున మన బొగ్గులే పట్టుకెళ్ళేరండి," అంది.

మంగరాజు గొడ్డలి తీసుకున్నాడు. మధ్యలోని బల్ల ఎప్పుడో కొట్టుకుపోయింది. దూకాలి.

"నడుముకి తాడు కట్టుకెళ్ళండి. లోపల ఎక్కువసేపు ఉండకండి. కాళ్ళు పట్టు తప్పిపోతాయి, మీకు తెలీదు," అంది సూర్యావతి. ఎర్రయ్య అతని నడుముకు తాడు కట్టాడు. ఇద్దరూ దూకారు.

ఆమె ఒక చేత్తో పిల్లాణ్ణి, ఒక చేత్తో అత్తగారి కొంగును పట్టుకుని చూస్తూ కూర్చుంది. మంగరాజు తలుపు పగలగొట్టాడు. తల బయటికి తిప్పి గాలి పీల్చుకుని లోపలికి వంగాడు. గంగాదేవిని చంకల కింద చేతులు వేసి గుమ్మం దాకా ఈడ్చుకొచ్చాడు. ఎర్రయ్య ఆమెను అందుకున్నాడు. మంగరాజు మళ్ళీ వంగాడు. ఈసారి రాలేదు. సూర్యావతి తాడు వైపు చూసింది. అది కదలడం లేదు.

"లాగండి మావయ్యా," అని ఆమె అరిచింది. ఆ పిలుపు గాలిలో పోయింది. కాని ఎర్రయ్య అప్పటికే లాగుతున్నాడు. మంగరాజు వెనక్కి, వెల్లకిలా వచ్చిపడ్డాడు. లేచి మోకాళ్ళ మీద కూర్చుని కక్కాడు.

మంగరాజును మళ్ళీ వెళ్ళనివ్వలేదు ఎర్రయ్య. గొడ్డలి తీసుకుని గది కప్పు చెక్కలు ఊడబెరికాడు. వాన లోపలికి పడ్డాక, గాలి దూరి తిరిగాక, తనే దిగి పెద్దిరాజును తెచ్చాడు. పెద్దిరాజు బుగ్గలు కూడా ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్నాయి. ఆ బుగ్గలు చూసి అతను బతికే ఉన్నాడని మంగరాజు అనుకున్నాడు. ఛాతీ రుద్దుతూనే ఉన్నాడు. ఎర్రయ్య అతని చెయ్యి పట్టుకుని ఆపేదాకా రుద్దాడు.

పొద్దు వాలేవేళకు గాలి దక్షిణానికి తిరిగి మెత్తబడింది. గంగాదేవికి అప్పటికి స్పృహ వచ్చింది. ముందు భర్తను పిలిచింది. ఎర్రయ్య పక్కకు జరిగి పెద్దిరాజును చూపించాడు.

మర్నాడు తెల్లారాక దగ్గరి లంక గ్రామం నుంచి నలుగురు మనుషులు వచ్చారు. కట్టెలన్నీ తడిసి ఉండడంతో ఒడ్డున మెరక చూసి పెద్దిరాజును పాతిపెట్టారు. వాళ్ళలో ఒక పెద్దాయన పగిలిన కుంపటినీ, పడవల్నీ మార్చి మార్చి చూశాడు.

"ఈ పాయలో ఇదివరకు ఒక మనిషి పోయేడండి. ఆ దెయ్యం పనే అయ్యుంటుంది. దెబ్బలేదు, కాటులేదు, మరెలా పోతాడండి?"

"కుంపటి గాలికండి," అంది సూర్యావతి, ఎవరూ అడగకపోయినా. "తలుపులన్నీ మూసి నిప్పు పెట్టుకోకూడదండి. ఇంటికెళ్ళి మీవాళ్ళకి చెప్పండి."

"మా ఇళ్ళలో పురుళ్ళన్నిటికీ కుంపట్లు పెట్టేరమ్మా. ఎవరికీ ఏం కాలేదు."

"మీ ఇళ్ళు తాటాకు ఇళ్ళండి. ఎక్కడో చోట సందుంటుంది."

పెద్దాయన ఆయ్ అన్నాడు, మర్యాదకు. నమ్మినట్టు లేదు. సూర్యావతికి అది చూసి మళ్ళీ భయం వేసింది. ఈ ఊళ్ళో, ఆ ఊళ్ళో, చలికి తలుపులు మూసుకుని కూర్చున్న బాలింతలు ఎంతమంది ఉంటారు? వాళ్ళకు ఎవరు చెబుతారు?

పైడమ్మ పొద్దుటినుంచీ గంగాదేవి పక్కనే కూర్చుని ఉంది. మనుషులు వెళ్ళిపోయాక మెల్లగా అంది:

"వదినా, సందుల్లో గుడ్డలు కూరమన్నాను నేను."

గంగాదేవి పాయ వైపు చూస్తూనే ఉంది.

"బొగ్గులు నేనే అడిగేను వదినా," అంది. "ఆయన మధ్యలో ఒకసారి తలుపు తియ్యమన్నాడు. ఉక్కగా ఉందన్నాడు. వణుకు తగ్గింది కదా, పడుకో అన్నాను. పడుకున్నాడు."

పైడమ్మ ఆమె చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది.

పెద్దిరాజు పడవను వెనక కట్టుకుని మధ్యాహ్నం బయలుదేరారు. నది ఇంకా ఎర్రగా, చెత్తతో నిండి పారుతోంది. విరిగిన కొబ్బరిమొవ్వలు, ఎవరి ఇంటివో తడికలు, ఒక దూడ శవం పక్కనుంచి పోయాయి. సన్నగా జల్లు పడుతోంది. చలి ఎముకల్లోకి దిగుతోంది. మంగరాజు గది తుడిచి, ఆరిన చాప పరిచి, లోపలికి రమ్మన్నాడు. తలుపు తీసే ఉంచుతానన్నాడు. కుంపటి ఎలాగూ లేదు. గదిలో ఇప్పుడు భయపడాల్సిందేమీ లేదు.

ఆడవాళ్ళు ముగ్గురూ కదల్లేదు. పైడమ్మ గొంగడి ఒకటి విప్పి కోడలి మీదుగా, గంగాదేవి మీదుగా కప్పి, అంచు తన భుజం మీదికి లాక్కుంది. గాలి ఆమె జుట్టును ఎగరేస్తోంది. ఆమె వణుకుతూనే ఉంది, గాలి వీచినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకుంటూనే ఉంది. తాతాజీ గొంగడి కింద ఆకలికి ఏడుస్తుంటే సూర్యావతి వాడికి పాలిచ్చింది. బలుసుతిప్ప చేరేదాకా ఆ గదిలోకి ఎవరూ వెళ్ళలేదు.